జాబితా, చెట్టు, మరల జాబితా: ట్రై పాఠముపై ఒక విమర్శ

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలికి, పలాసకు నడుమ నందిగాం అను ఊరు కలదు. విజయవాడ నుండి హైదరాబాదు పోవు దారిలో నందిగామ అను పట్టణము కలదు. 2022 వరకు ఇది కృష్ణా జిల్లాలోనిది, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలోనిది. చెవికి ఈ రెండింటి భేదము చివరి మకారముపై అచ్చు ఉండుట, లేకుండుట మాత్రమే. ఒకచోట నుండి మరొకచోటికి రాత్రంతా రైలు ప్రయాణము. ఇంత చిన్న భేదమును పట్టుకొని, ఇంత పెద్ద దూరమును తప్పుపోకుండ చూపగల అమరిక యేది? గణకయంత్రశాస్త్రములో ఈ ప్రశ్నకు చెప్పు సమాధానములలో ఒకటి ‘ట్రై’ అను అక్షరవృక్షము.

ప్రమేయములను కూర్చి ప్రోగ్రాములు వ్రాయు పద్ధతిని, అనగా ఫంక్షనల్ ప్రోగ్రామింగును, నేర్పు పుస్తకములలో ఈ చెట్టుపై ఒక పాఠము తప్పక కనబడును. మాటల జాబితాను చెట్టుగా మార్చుట, చెట్టును తిరిగి జాబితాగా మార్చుట అందులోని అభ్యాసము. పాఠము చక్కనిది, చిన్నది. అయితే అది చెప్పుచున్నదానికన్న చెప్పక విడిచినది మన తెలుగువారికి ఎక్కువ అవసరము. ఆ విడుపులను చూపుటే ఈ వ్యాసము ఉద్దేశము.

తపాలా గూళ్లు

చెట్టును చూడని పాఠకుడు లేడు. 1972 ఆగస్టు 15న మన తపాలాశాఖ ప్రవేశపెట్టిన పిన్‌కోడే ఒక ట్రై. ఆరంకెలలో మొదటిది మండలమును, రెండవది ఉపమండలమును, మూడవది ఉత్తరములు వేరుచేయు జిల్లాను, చివరి మూడు ఆ తపాలా కచేరీని తెలుపును. ఉత్తరములు వేరుచేయు గుమాస్తా దేశములోని కచేరీల జాబితానంతటిని చదువడు. మొదటి అంకె చూచి ఒక గూటిలో వేయును. ఆ గూటిలోనివాటిని రెండవ అంకె చూచి మరల పంచుదురు. ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క అడుగు, ఆరడుగులలో పని ముగియును.

శ్రీకాకుళం జిల్లా నందిగాం పిన్‌కోడు 532తో మొదలగును. నందిగామ పిన్‌కోడు 521185. మొదటి అంకె 5 రెండింటికి సమానము. రెండవ అంకెవద్దనే దారులు చీలిపోవును. పేర్లను అక్షరములవారీగా చూచినచో కడదాక కలిసి నడిచిన రెండూళ్లు, అంకెలవారీగా చూచినచో రెండవ అడుగులోనే విడిపోయినవి. ఊళ్లు అవే. ఏ తాళపుచెవితో చెట్టును కట్టితిమో దానినిబట్టి దగ్గర, దూరము నిర్ణయమగును. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను; ముందు ముందు మనకు దీనితో పని కలదు.

ఇట్టి అమరికను గణకయంత్రమునకు తగినట్లు 1959లో రెనే డి లా బ్రియాండె వివరించెను. 1960లో ఎడ్వర్డ్ ఫ్రెడ్కిన్ దీనికి పేరుపెట్టెను. వెదకి తెచ్చుట అను అర్థముగల ‘రిట్రీవల్’ అను ఆంగ్లపదము నడిమి ముక్కను తీసికొని, దానిని ‘ట్రీ’ అని పలుకవలెనని ఆయన కోరెను. మామూలు చెట్టుతో తికమకపడకుండ చాలామంది ‘ట్రై’ అనుచున్నారు. మనమును అట్లే అందము.

పోవుదారి, వచ్చుదారి

మన రాష్ట్రములోనే ‘నంద’తో మొదలగు ఆరు ఊళ్ల పేర్లు తీసికొందము: నందిగాం, నందిగామ, గుడివాడ ప్రాంతపు నందివాడ, రాయలసీమలోని నంద్యాల, నందికొట్కూరు, చెయ్యేటి ఒడ్డున ఉన్న నందలూరు. పలుకు అక్షరములుగా, అనగా గుణింతములు ఒత్తులతో కలిపి ఒక్కొక్క ముక్కగా లెక్కించినచో, ఈ ఆరు పేర్లలో 23 అక్షరములు కలవు. చెట్టుగా అల్లినచో ‘నం’ అందరికి ఒకే మొదలు. దాని మీద ‘ద’, ‘ది’, ‘ద్యా’ అను మూడు కొమ్మలు. ‘ది’ కొమ్మపై మరల నాలుగు చీలికలు. మొత్తము కణుపులు 15 మాత్రమే. ఉమ్మడి భాగమును ఒక్కసారి వ్రాసి అందరు వాడుకొనుటే ఇందలి పొదుపు.

ఫంక్షనల్ పద్ధతిలో జాబితా అనగా ఒక తల, ఒక తోక. తల మొదటి వస్తువు. తోక మిగిలిన జాబితా. ఏమియు లేనిది ఖాళీ జాబితా. 1958లో జాన్ మెకార్తీ రూపొందించిన లిస్ప్ మొదలు, 1990లో వెలువడిన హాస్కెల్ వరకు ఈ భావనయే పునాది. మాటయు అక్షరముల జాబితాయే. కనుక చెట్టులో మాటను చేర్చుటకు రెండే వాక్యములు చాలును. మాట ఖాళీ అయినచో, ఉన్న కణుపువద్ద ‘ఇక్కడ ఒక మాట ముగిసినది’ అని గుర్తుపెట్టుము. ఖాళీ కానిచో, తల అక్షరము పేరుగల కొమ్మను వెదకి, లేనిచో ఒకటి పుట్టించి, తోకను ఆ కొమ్మలో ఇదే విధముగా చేర్చుము. ఖాళీ చెట్టుతో మొదలిడి, జాబితాలోని మాటలనన్నిటిని ఒకదాని తరువాత ఒకటి ఇట్లు చేర్చినచో జాబితా చెట్టైనది.

ముగింపు గుర్తు ఎందుకని అడుగవచ్చును. పిన్‌కోడుకు అన్నియు ఆరంకెలే కనుక అది అక్కరలేదు. పేర్లు అట్లు కావు. ‘కవి’ అను మాట ‘కవిటి’ అను ఊరిపేరు దారిలోనే ముగియును. గుర్తు లేనిచో కవి కవిటిలో కలిసిపోవును.

తిరుగుదారియు ఇంతే సులభము. కణుపువద్ద గుర్తున్నచో ఖాళీ మాటను వ్రాసికొనుము. పిదప కొమ్మలను వరుసగా చూచి, ఒక్కొక్క కొమ్మలోనుండి వచ్చిన ప్రతి మాటకు ఆ కొమ్మ అక్షరమును ముందు తగిలింపుము.

ఈ పాఠములో మెచ్చుకొనదగిన గుణము మరొకటి కలదు. ఈ పద్ధతిలో పాత వస్తువును చెరిపి కొత్తది వ్రాయుట ఉండదు. ఐదు పేర్ల చెట్టులో నందివాడను కొత్తగా చేర్చినచో మొదలు, నం, ది, వా, డ అను దారిలోని కణుపులు మాత్రమే కొత్తవి పుట్టును. నంద్యాల కొమ్మ, నందలూరు కొమ్మ ఉన్నవి ఉన్నట్లే రెండు చెట్లకును ఉమ్మడి. పాత చెట్టు చెడదు, కొత్త చెట్టు వచ్చును. 2001లో ఫిల్ బాగ్‌వెల్ వివరించిన ఒక విధమైన ట్రైను ఆధారము చేసికొని 2007లో వెలువడిన క్లోజర్ అను భాష తన పట్టికలను ఈ పొదుపుతోనే నడుపుచున్నది. ఇంతవరకు పాఠమునకు నూటికి నూరు మార్కులు వేయవచ్చును.

పోయినదేమి?

మొదటి ఆక్షేపణ ఇది. పాఠము ఈ రెండు మార్పులను కవలలవలె ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టును. చదువరి, పోయిన దారినే తిరిగి రావచ్చునని తలచును. అది సగమే నిజము. చెట్టును జాబితా చేసి, ఆ జాబితాను మరల చెట్టు చేసినచో మొదటి చెట్టే వచ్చును. జాబితాను చెట్టు చేసి, మరల జాబితా చేసినచో మొదటి జాబితా రానక్కరలేదు. అక్షరక్రమములో సర్దబడిన, పునరుక్తులు తొలగిన మరొక జాబితా వచ్చును. పైన వ్రాసిన ఆరు పేర్లు చెట్టులోనుండి వచ్చునప్పుడు నందలూరు, నందికొట్కూరు, నందిగాం, నందిగామ, నందివాడ, నంద్యాల అను క్రమములో వచ్చును. నేను ఏ క్రమములో చెప్పితినో చెట్టునకు జ్ఞాపకము లేదు.

నిఘంటువు కూర్చువానికి ఇది వరము. పేర్లను క్రమపరచుటకు వేరే శ్రమ లేదు. కాని జాబితాలన్నియు నిఘంటువులు కావు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలినవి. అటువంటి కష్టము తరువాత ఊరూర నష్టపరిహారపు జాబితాలు వ్రాయుదురు. ఒకే ఊరిలో ఒకే ఇంటిపేరుతో ఇద్దరు అప్పన్నలు ఉండుట మనవైపు వింత కాదు. తాత పేరు మనుమలకు పెట్టు ఆచారములో అన్నదమ్ముల పిల్లలిద్దరికి ఒకే పేరు వచ్చును. ఆ జాబితాను పాఠములోని పద్ధతిగా చెట్టు చేసి తిరిగి జాబితా చేసినామనుకొందము. రెండవ అప్పన్న వచ్చునప్పటికి ముగింపు గుర్తు ముందే ఉన్నది. ఉన్న గుర్తుపైనే మరల గుర్తు పడును. తిరిగి వచ్చిన జాబితాలో అప్పన్న ఒక్కడే. కూలిన చెట్లు రెండు తోటలలోనివి. మిగిలిన పేరు ఒకటి. ప్రోగ్రాము ఏ తప్పు చూపదు, ఎచ్చటను ఆగదు. లెక్క మాత్రము తప్పును.

ఇది చెట్టు దోషము కాదు. కణుపువద్ద ఏమి ఉంచవలెనో అడుగకుండ అవును-కాదు గుర్తు ఒకటి ఉంచి ఊరకుండిన పాఠము దోషము. గుర్తుకు బదులు ఎన్నిసార్లు వచ్చినదో ఆ లెక్క ఉంచినచో పునరుక్తి నిలుచును. జాబితాలోని వరుస సంఖ్యలను ఉంచినచో పునరుక్తితోపాటు క్రమము కూడ నిలుచును. అప్పుడు మొదటి జాబితాను ఉన్నదున్నట్లు తిరిగి పొందవచ్చును. మనుష్యుల విషయములో అయినచో, పేరును తాళపుచెవిగా పెట్టుటే తప్పు. ఒక్కొక్కరికి వేరు సంఖ్య ఉండవలెను. క్రిస్ ఒకాసాకి 1998లో ప్రకటించిన ఫంక్షనల్ దత్తాంశ నిర్మాణముల గ్రంథములో కణుపువద్ద విలువను ఉంచు ట్రైనే చూపినాడు. కొమ్మలను పెట్టుకొను పట్టికను కూడ మన యిష్టమునకు విడిచినాడు. అంత మంచి మాదిరి ముందుండగా, తరువాతి ప్రవేశిక పాఠములు దానిని కుదించి గుర్తుకు దిగజార్చుట విచారకరము. పాఠమును తేలిక చేయుట వేరు, ప్రశ్నను మాయము చేయుట వేరు.

అక్షరమనగా నేమి?

రెండవ ఆక్షేపణ మనకు మరింత దగ్గరిది. ‘మాట అక్షరముల జాబితా’ అని పాఠము ఒక్క వాక్యములో దాటిపోవును. ఆంగ్లమున అది చెల్లును. తెలుగున అక్షరమనగా నేమి?

1991 నాటి మొదటి సంపుటి నుండి యూనికోడ్ పట్టికలో తెలుగునకు చోటున్నది. అందులో క, గ, మ మున్నగు హల్లులకు ఒక్కొక్క సంకేతము, గుణింతపు గుర్తులకు వేరు సంకేతములు, సున్నకు ఒకటి, పొల్లుకు ఒకటి. యంత్రము దృష్టిలో నందిగాం అనగా న, సున్న, ద, గుడి, గ, దీర్ఘము, సున్న అను ఏడు సంకేతములు. బడిపిల్లవాని దృష్టిలో అది నం, ది, గాం అను మూడక్షరములు. రెండింటిలో దేనితో చెట్టు కట్టవలెను?

సంకేతములతో కట్టినచో మన ఆరు పేర్లలోని 47 సంకేతములు 27 కణుపులలో ఇమిడును. నందిగాం, నందిగామ రెండును ఆరు సంకేతములు కలిసి నడిచి, చివరిదానివద్ద సున్నకు ఒకటి, మకారమునకు ఒకటిగా చీలును. పలుకు అక్షరములతో కట్టినచో ‘నంది’ తరువాతనే విడిపోవును. ఏలయనగా ‘గా’ వేరు, ‘గాం’ వేరు. పిన్‌కోడు విషయమున చూచినదే ఇక్కడ మరల కనబడుచున్నది: ముక్క మారినచో చుట్టరికము మారును.

ఇది పండితుల తగవు కాదు. ఒకడు యంత్రములో ‘నందిగా’ వరకు వ్రాసి, మిగిలిన పేరును యంత్రమే చూపునని ఎదురుచూచుననుకొందము. సంకేతముల చెట్టు రెండూళ్లను చూపును. పలుకు అక్షరముల చెట్టు నందిగామను మాత్రమే చూపును. నందిగాం వాడు తన ఊరు పట్టికలోనే లేదనుకొనును. మరియొక పనికి ఇది తలక్రిందులగును. కొమ్మ పేర్లను పాఠకునికి చూపవలసినచో సంకేతముల చెట్టులో ‘నంద’ తరువాత ఒట్టి పొల్లు ఒకటి, ఒట్టి గుడి ఒకటి కొమ్మలుగా వ్రేలాడును. వాటిని ఎవడు చదువగలడు? పలుకు అక్షరముల చెట్టులో ప్రతి కణుపును చదువదగినదే. కనుక ఇది మేలు, అది కీడు అని ఒక్కమాటలో తేల్చరాదు. వెదకుటకు ఒకటి, చూపుటకు మరొకటి తగియుండును. ఎన్నుకొనవలెనన్న సంగతి చదువరికి తెలియవలెను, పాఠము తెలుపలేదు.

క్రమము సంగతియు ఇట్టిదే. చెట్టునుండి జాబితా అక్షరక్రమములో వచ్చునని పాఠము చెప్పును. ఎవరి క్రమము? యూనికోడ్ పట్టికలో ళకారము లకారమునకు వెంటనే, వకారమునకు ముందు కలదు. మనము బడిలో వల్లించిన వర్ణమాలలో ళకారము హకారము తరువాతిది. కావున సంకేతముల వరుసలో కళింగపట్నం ముందు, కవిటి తరువాత వచ్చును. వర్ణమాల వరుసలో కవిటి ముందు, కళింగపట్నం తరువాత. శ్రీకాకుళం తీరపు ఊళ్ల పట్టికలో కవిటిని ఏ పుటలో వెదకవలెనో ఈ ఒక్క నిర్ణయముపై ఆధారపడును. కొమ్మలను ఏ క్రమమున చూడవలెనన్నది ప్రోగ్రామునకు వేరుగా అందీయవలసిన ప్రమేయము. దానిని చెట్టులో దాచివేసినచో, మన వర్ణమాలకు బదులు పట్టిక కూర్చినవారి వరుస మనకు నియమమగును.

వినోదమునకు ఒక మాట. ‘ట్రై’ అను పదములోని ఐత్వమునే తీసికొందము. యూనికోడ్‌లో దానిని ఒకే సంకేతముగా వ్రాయవచ్చును; ఎత్వము, దానికింది గుర్తు అను రెండు సంకేతములుగాను వ్రాయవచ్చును. కంటికి రెండును ఒకటే. ముందుగా అన్నిటిని ఒకే రూపమునకు తేకున్నచో ‘ట్రై’ అను మాటకే ట్రైలో రెండు కొమ్మలు మొలచును!

ముక్కను ముందు నిర్ణయించుకొని, పిదపనే జాబితాను కూర్చవలెనన్న వివేకము ఈ ప్రాంతమునకు కొత్తది కాదు. 1863లో శ్రీకాకుళం సమీపమున పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, ఆ కొండలలోని సవరల భాషను నేర్చిన గిడుగు వెంకట రామమూర్తిగారు మొదట తెలుగు లిపిలో సవర వాచకములు వ్రాసిరి. గొంతులో ఊపిరిని తటాలున ఆపి పలుకు ధ్వని సవరలో కలదు. దానికి తెలుగులో అక్షరము లేదు. 1931లో వెలువడిన వారి సవర భాషా గ్రంథమునందును, 1938 నాటి సవర-ఇంగ్లీషు నిఘంటువునందును ధ్వనికి తగిన సంకేతలిపి కలదు. ఏది ఒక అక్షరమో తేలకుండ నిఘంటువులో ఏ మాట ఎక్కడ ఉండవలెనో తేలదు. నిఘంటుకర్తకు తప్పని ఈ ప్రశ్న ప్రోగ్రాము వ్రాయువానికి మాత్రము ఏల తప్పును?

చెట్టు ఎప్పుడు వలదు?

మూడవ ఆక్షేపణ చిన్నది. ‘వెదకుటకు పట్టు కాలము మాట పొడవుపైననే ఆధారపడును, మాటల సంఖ్యపై కాదు’ అని పాఠము ఘనముగా చెప్పును. ప్రతి కణుపువద్ద కావలసిన కొమ్మ తటాలున దొరకినప్పుడే ఈ మాట నిజము. కొమ్మలను ఒట్టి జాబితాగా ఉంచినచో, ఒక్కొక్క అడుగులోను ఆ జాబితాను మొదటినుండి చదువవలెను. తెలుగు పలుకు అక్షరములలో గుణింతములే నాలుగు వందలకు పైబడును. ఒత్తులు చేర్చినచో వేలు. జాబితానుండి తప్పించుకొనుటకు చెట్టెక్కి, చెట్టుమీద మరల జాబితాలోనే పడినట్లగును. కొమ్మలకు క్రమపట్టికను వాడినచో ఈ దోషము చాలవరకు తీరును.

చీలిక లేని పొడుగాటి దారులు మరొక దండుగ. నందికొట్కూరులో ‘కొ’ మొదలు చివరివరకు వేరు ఊరితో పనిలేదు; అయినను కణుపులు వరుసగా నిలిచియున్నవి. 1968లో డొనాల్డ్ మారిసన్ ఇట్టి దారిని ఒకే కొమ్మగా కుదించు ఉపాయమును ప్రకటించెను. దానినే సంఖ్యలకు అన్వయించి 1998లో ఒకాసాకి, ఆండ్రూ గిల్ అనువారు ఫంక్షనల్ పద్ధతిలో వ్రాసిన పట్టిక నేటికిని హాస్కెల్‌వారి నిత్యోపయోగము. ముప్పది పేర్ల జాబితాకు ఇవేవియు అక్కరలేదు, జాబితాయే చాలును. వేలకొలది మాటలు, తరచు వెదకులాట, మొదటి భాగములు ఉమ్మడి ఉన్నప్పుడే చెట్టు తన నీడ నిచ్చును.

ముగింపు

మంచి పాఠము ఎట్లుండవలెను? జాబితాను చెట్టు చేయు ముందు మూడు ప్రశ్నలు అడుగుమని విద్యార్థికి చెప్పవలెను. దేనిని ఒక ముక్కగా తీసికొందుము? కొమ్మలను ఏ క్రమమున చూతుము? మాట ముగిసినచోట ఏమి ఉంచుదుము? ఈ మూడింటికి జవాబు తేలినచో ప్రోగ్రాము పది పంక్తులే, అది తనంతట తానే వచ్చును. తేలకున్నచో ఆ పది పంక్తులు ఎంత సొగసుగా ఉన్నను, ఒకనాడు ఒక అప్పన్నను మింగును, నందిగాం వానికి తన ఊరిని చూపకపోవును.

తెలుగు విద్యార్థులు ఈ పాఠమును పుస్తకములోని పరభాషా పదములతోనే అభ్యసించి ఊరకుండరాదు. తమ మండలములోని ఊళ్ల పేర్లు ఒక కాగితముపై వ్రాసి, ముందు చేతితో చెట్టు గీసి, తిరిగి జాబితా వ్రాసి, రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూడవలెను. రెండింటి నడుమ ఏది మారినదో, ఏది పోయినదో కనిపెట్టినవాడు పాఠము నేర్చినవాడు.